'ప్రతులకు' పేజీ పాతబడకుండా: పుస్తకం వేసిన రచయితకు సొంత వెబ్‌సైట్

తెలుగు పుస్తకం ఏది తీసినా లోపలి పేజీలో ఒక మూల 'ప్రతులకు' అని ఉంటుంది. దాని కింద రెండు పుస్తకాల షాపుల పేర్లు, రచయిత ఇంటి చిరునామా, ఒక ఫోను నంబరు. 2009లో వచ్చిన నా మొదటి కథల పుస్తకంలోనూ అలాగే వేశాం. ఆ తర్వాత నేను రెండు ఇళ్లు మారాను. ల్యాండ్‌లైన్ తీసేశాం. ఆ రెండు షాపుల్లో ఒకటి మూతపడింది. వేసిన వెయ్యి కాపీలూ ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి, వాటిలో అచ్చయిన అడ్రసు మాత్రం ఎవరికీ పనికిరాదు. ఆమధ్య ఒక అనువాదకురాలు నా కథొకటి కన్నడంలో చేద్దామని నా ఆచూకీ కోసం నాలుగు నెలలు తిరిగారట. చివరికి మా ఊరి గ్రంథాలయంలో పనిచేసే ఆయన ద్వారా దొరికాను.

నా దృష్టిలో రచయితకు సొంత వెబ్‌సైట్ అంటే ఎప్పటికప్పుడు దిద్దుకోగల 'ప్రతులకు' పేజీ. అంతకంటే గొప్ప ఆశలు పెట్టుకోకండి. సైటు పెట్టగానే పుస్తకాలు వేలల్లో అమ్ముడుపోవు. కానీ మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి పోరు. అలా వచ్చేవాళ్లు ఎవరంటే: పుస్తకం చదివి మరొకటి ఉందా అని చూసే పాఠకుడు, అనువాదకులు, సంకలనం వేస్తూ అనుమతి కోసం చూసే సంపాదకులు, మీ కథల మీద పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి, సభకు పిలుస్తూ పరిచయ వాక్యాలు అడిగే నిర్వాహకులు. అప్పుడప్పుడూ సినిమావాళ్లు. ఈ ఐదారు రకాల మనుషుల్ని కళ్లముందు పెట్టుకుని పని మొదలుపెడితే ఏం పెట్టాలో, ఏం వద్దో దానంతటదే తేలుతుంది.

ఫేస్‌బుక్ ఉందిగా?

ఈ మాట ప్రతి రచయితా అడుగుతాడు, నేనూ అడిగాను. ఫేస్‌బుక్‌లో ఐదువేలమంది మిత్రులున్న కవి కూడా మూడేళ్ల కిందట పెట్టిన తన కవితను తానే వెతికి పట్టుకోలేడు. పైగా అది అద్దె ఇల్లు. జనం సొంత పేజీలు పెట్టుకున్న యాహూ జియోసిటీస్ 2009లో మూసేశారు. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో పోయాయి. తెలుగు సాహిత్యం మీద ఇంటర్నెట్లో జరిగిన తొలినాటి చర్చల్లో ఎన్నో యాహూ గ్రూపుల్లోనే జరిగాయి. ఎవరో ముందుచూపుతో దాచుకున్నవి మిగిలాయి, తక్కినవి గాలికి పోయాయి. ఫేస్‌బుక్ వద్దనడం లేదు. అక్కడ కబుర్లు చెప్పండి, కాగితాలు మాత్రం మీ బీరువాలో పెట్టుకోండి.

మొదటి అడుగు: పేరు కొనడం

డొమైన్ అంటే మీ సైటు చిరునామా. మీ పేరుతోనే తీసుకోండి, పుస్తకం పేరుతో వద్దు. రెండో పుస్తకం వచ్చిన రోజున ఇబ్బంది పడతారు. కలం పేరుతో రాస్తుంటే కలం పేరే.

అసలు చిక్కు స్పెల్లింగ్ దగ్గర. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. 'లక్ష్మి'ని ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కె ఎస్ హెచ్‌తో రాసేవాళ్లున్నారు. 'మూర్తి'లో హెచ్ ఉంటుందా ఉండదా అన్నది ఇంటింటికీ ఒక్కో ఆచారం. మీ పుస్తకాల వెనక అట్టమీద ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్ ఉందో అదే ఖాయం చేసుకోండి. ఇకనుంచి అన్నిచోట్లా అదే వాడండి. వీలైతే రెండో స్పెల్లింగూ కొని మొదటిదానికి మళ్లించండి. డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ మంచివే. తెలుగు లిపిలోనే 'డాట్ భారత్' చిరునామా కూడా తీసుకోవచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాన్ని కాపీచేసి పంపితే కొన్నిచోట్ల అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల వరసగా మారుతుంది. అందుకే సరదాకు రెండోదిగా పెట్టుకోవచ్చు, మొదటిదిగా వద్దు.

ఇప్పుడు చెప్పబోయేది అనుభవంతో చెబుతున్నాను. నా మొదటి డొమైన్ను మా అన్నయ్యగారబ్బాయి స్నేహితుడు తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొనిపెట్టాడు. మంచివాడే, డబ్బులు కూడా తీసుకోలేదు. తర్వాత చదువుకని విదేశం వెళ్లాడు, ఈమెయిల్ మార్చాడు. గడువు అయిపోతోందన్న హెచ్చరికలు పాత ఈమెయిల్‌కి వెళ్లాయి. ఇవాళ నా పేరు కొడితే ఏదో పేకాట సైటు తెరుచుకుంటుంది. కాబట్టి ఎవరు సాయం చేసినా సరే, ఖాతా మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో ఉండాలి. డాట్ కామ్ అయితే ఒకేసారి పదేళ్ల దాకా కట్టవచ్చు. కనీసం మూడేళ్లకు కట్టి, ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టండి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర ఎంతో అడగండి. తేడా అక్కడే ఉంటుంది.

పొరపాటున గడువు దాటిపోతే కంగారు పడనక్కర్లేదు, ఆలస్యం మాత్రం చేయొద్దు. డాట్ కామ్‌కు కంపెనీని బట్టి కొన్ని రోజులు, గరిష్ఠంగా 45 రోజులు, మామూలు ధరకే తిరిగి కట్టే వీలుంటుంది. తర్వాత 30 రోజులు గట్టి జరిమానాతో తెచ్చుకోవాలి. ఆపైన ఐదు రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు ఎవరైనా కొనుక్కోవచ్చు. మాది అలాగే పోయింది.

రెండో అడుగు: ఎక్కడ నిలపాలి

దీని గురించి ఇంటర్నెట్లో కావలసినంత చర్చ దొరుకుతుంది, నేను తొందరగా దాటేస్తాను. మూడు దారులున్నాయి. ఒకటి, సైటు పెట్టుకోనిచ్చే గూగుల్‌వారి బ్లాగర్. స్థలానికి డబ్బు కట్టక్కర్లేదు, మీరు కొన్న డొమైన్ను దానికి తగిలించుకోవచ్చు. ఖర్చు డొమైన్‌దొక్కటే. రెండు, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో డబ్బు కట్టి పెట్టుకోవడం. మూడు, ఎక్కడో హోస్టింగ్, అంటే సైటును నిలిపే జాగా, కొని, ఉచితంగా దొరికే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ను మీరే ఎక్కించుకోవడం. మూడోదాంట్లో స్వేచ్ఛ ఎక్కువ, చాకిరీ కూడా. నెలనెలా అప్‌డేట్లు చేయకపోతే దొంగలు దూరతారు. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు లేకపోతే బ్లాగరే చాలు. అందంగా ఉండదంటారు. ఉండకపోతే ఏం? తెల్ల కాగితం మీద నల్ల అక్షరం మన పుస్తకాలకు సరిపోయింది కదా.

ఏది ఎంచుకున్నా ఒకే ఒక్క ప్రశ్న వేయండి: రేపు వెళ్లిపోవాలంటే నా రాతలన్నీ ఒక ఫైలుగా దించుకోగలనా? బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండింటిలోనూ ఆ సౌకర్యం ఉంది. లేనిచోటికి వెళ్లకండి.

మూడో అడుగు: డీటీపీ ఫైలును మనుషులు చదవగలిగే తెలుగుగా మార్చడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. మిగతా అన్నీ కలిపి ఒక ఆదివారం పడితే, ఇది ఒక్కటే రెండు నెలలు తింటుంది.

పాతికేళ్లుగా మన పుస్తకాల డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు కొట్టి పేజీలు కట్టే పని, చాలా భాగం పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో జరిగింది. ఆ ఫాంట్లు అచ్చుకు బాగుంటాయి. కానీ ఆ ఫాంట్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. తలకట్టు ఒక బొమ్మ, వత్తు ఒక బొమ్మ. ఆ ఫైలునుంచి ఒక పేరా కాపీచేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. గూగుల్‌కూ అలాగే కనిపిస్తుంది. అంటే మీ దగ్గర మూడొందల పేజీల పీడీఎఫ్ ఉన్నా, వెతికేవాళ్లకు అందులో ఒక్క తెలుగు మాట కూడా లేనట్టే. వెబ్‌కు కావలసింది యూనికోడ్, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడి స్థానాలిచ్చే పద్ధతి. తెలుగుకు అందులో 128 స్థానాల సొంత గడి ఉంది, ఏ ఫోనులోనైనా అది తెలుగుగానే తెరుచుకుంటుంది.

పని ఇలా సాగించండి. ముందు డీటీపీ చేసినవారికి ఫోన్ చేసి పీడీఎఫ్ కాదు, అసలు పేజ్‌మేకర్ ఫైలు అడగండి. అను ఏ వెర్షనో కూడా అడిగి రాసుకోండి. వెర్షన్ మారితే అక్షరాల అమరిక మారుతుంది, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ తప్పుది వాడితే వత్తులన్నీ చెదిరిపోతాయి. ఉచిత కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పుస్తకమంతా ఒక్కసారి పోయకుండా ముందు ఒక పేజీ మార్చి చూడండి.

ఫైలే లేదంటే? డీటీపీవారు హార్డ్‌డిస్క్ పోయిందంటారు, నాకూ అదే జవాబొచ్చింది. అప్పుడు పుస్తకాన్ని పేజీ పేజీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. ఆ ఫైలును గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని తెలుగును చదివి అక్షరాలుగా ఇస్తుంది. శుభ్రంగా అచ్చయిన పేజీ అయితే ఫలితం ఆశ్చర్యపోయేంత బాగుంటుంది. పాత అచ్చు, పలచటి కాగితం అయితే వెనక పేజీ అక్షరాలు కూడా దూరి గందరగోళం చేస్తాయి.

ఏ దారిలో వచ్చినా ప్రూఫులు దిద్దక తప్పదు. యంత్రం మ, య దగ్గర, ప, వ దగ్గర తడబడుతుంది. క్రావడి జారిపోతుంది. సంభాషణల్లో యాస ఉంటే ఇంకా జాగ్రత్త. మీరు కావాలని రాసిన 'అచ్చినవ్', 'ఒస్తిమి' లాంటి మాటలు తప్పా ఒప్పా అన్నది మీకు తప్ప ఎవరికీ తెలియదు. చిన్న చిట్కా: తెరమీద కాకుండా, ఫోన్లో చదివి వినిపించే సౌకర్యం పెట్టుకుని వినండి. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది.

ఇంకొక చిన్న సంగతి. 'ఫేస్‌బుక్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనపడని విరామ గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకపోతే 'స్బు' అని సంయుక్తాక్షరమైపోతుంది. కన్వర్టర్లు దీన్ని తరచు మింగేస్తాయి. పరభాషా మాటలున్న వాక్యాలను ఒకసారి విడిగా చూసుకోండి.

అక్షరం ఎలా కనిపించాలి? అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లు చాలా ఉన్నాయి. వాటిలో మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, రామభద్ర శీర్షికలకు దిట్టంగా నప్పుతుంది. నోటో తెలుగు కూడా నమ్మదగిందే. ఇంగ్లీషు కోసం తయారైన టెంప్లేట్లలో పంక్తుల మధ్య జాగా మనకు చాలదు. పైన గుడులు, కింద వత్తులు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. అక్షరం ఎత్తుకు 1.7 నుంచి 1.8 రెట్లు జాగా ఇవ్వండి. రెండువైపులా సమంగా సర్దే అమరిక పెట్టకండి. మన మాటలు పొడుగు, బ్రౌజరు వాటిని సరిగ్గా విరవలేదు, ఫోన్లో మాటకూ మాటకూ మధ్య గుంతలు పడతాయి. ఇటాలిక్ జోలికి అసలు పోవద్దు. వాలిన తెలుగు అక్షరం తప్పతాగినట్టుంటుంది.

నాలుగో అడుగు: ఏమేం పేజీలు

పరిచయం పేజీతో మొదలుపెట్టండి. మూడు సైజుల్లో రాసి మూడూ పెట్టండి: యాభై మాటల్లో, నూట యాభై మాటల్లో, ఒక పేజీలో. సభ నిర్వాహకులకు మొదటిది, పత్రికకు రెండోది, పరిశోధకులకు మూడోది. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఉంటే అనువాదకులకు మేలు. పక్కనే పెద్ద సైజు ఫొటో దించుకునేలా పెట్టండి. ఫొటో తీసినవారి పేరు రాయండి. నన్నడిగితే 'బహుముఖ ప్రజ్ఞాశాలి' లాంటి మాటలు మన గురించి మనం రాసుకోకూడదు. ఎక్కడ పుట్టారు, ఏం పని చేశారు, ఏమేం రాశారు. అంతే.

తర్వాత పుస్తకాలు. ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ. ముఖచిత్రం, తొలి ముద్రణ ఏడాది, పేజీలు, వెల, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు), ముఖచిత్రం వేసిన చిత్రకారుడి పేరు, మొదటి కథో మొదటి అధ్యాయమో చదివే వీలు. ప్రతులు అయిపోతే 'కాపీలు లేవు' అని నిజం రాయండి. ఐఎస్‌బీఎన్ 2007 నుంచి 13 అంకెలు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది తీసుకోరు. రెండో ముద్రణకైనా తీసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ రచనల జాబితా. ప్రతి కథా ఎప్పుడు, ఏ పత్రికలో, ఏ సంచికలో మొదట వచ్చిందో తేదీతో సహా. మీ దగ్గర ఉన్న పాత సంచికలు తిరగేస్తూ ఇది తయారుచేయడం పెద్ద పనే. కానీ తర్వాత మీ మీద పనిచేసే ప్రతివాళ్లూ దీన్నే చూస్తారు. వెబ్ పత్రికల్లో వచ్చినవైతే లింకు ఇవ్వండి. తెలుగులో వెబ్ పత్రికలు మొదలై పాతికేళ్లు దాటింది, ఈమాట 1998లోనే వచ్చింది. మధ్యలో పుట్టి ఆగిపోయినవీ ఉన్నాయి. లింకు పనిచేయకపోతే దాన్ని పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి. నాకు చేతిరాత ప్రతి కూడా లేని ఒక కథ అక్కడే దొరికింది.

చివర 'ప్రతులకు'. ఇక్కడ ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు పెట్టకండి. పుస్తకంలో వేస్తే వెయ్యిమంది చూస్తారు, ఇక్కడ ప్రపంచమంతా చూస్తుంది. దీని కోసమే విడిగా ఒక ఈమెయిల్ తెరవండి. అనువాద హక్కులు ఎవరిదగ్గర ఉన్నాయో ఒక్క వాక్యం రాయండి.

ఐదో అడుగు: నా కథ నేను పెట్టుకోవచ్చా?

పత్రికలో వచ్చిన కథను సైటులో పెడితే తప్పా అని చాలామంది జంకుతారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు సంతకం చేసి రాసివ్వకుండా హక్కు ఎవరికీ బదిలీ కాదు. పత్రికకు పంపడం, వాళ్లు వేసుకోవడం, పారితోషికం ఇవ్వడం మాత్రాన కాపీరైట్ పోదు. పత్రికలో ఉద్యోగం చేస్తూ ఉద్యోగంలో భాగంగా రాసినవాటి లెక్క వేరు. పోటీలకు పంపినవాటి నిబంధనలు మాత్రం మరోసారి చదవండి, కొన్నింటిలో ప్రచురణ హక్కుల గురించి గట్టి షరతులుంటాయి.

ప్రచురణకర్తతో ఒప్పందం రాసుకున్నవారు 19వ సెక్షన్ తెలుసుకోవాలి. ఒప్పందంలో కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లకే పరిమితం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేనట్టయితే, అది చెల్లిపోతుంది. నాకు తెలిసి తెలుగులో చాలా పుస్తకాలు ఫోన్లో మాటమీదే అచ్చయ్యాయి. వాటి హక్కులన్నీ రచయిత చేతిలోనే ఉన్నట్టు. అయినా మర్యాదకి ప్రచురణకర్తకు ఒక మాట చెప్పండి. మొత్తం పుస్తకం పెట్టక, రెండు మూడు కథలు పెడితే వాళ్లూ సంతోషిస్తారు.

పత్రిక పేజీని బొమ్మతో సహా స్కాన్ చేసి పెట్టడం మాత్రం సరికాదు. కథ మీది, బొమ్మ మీది కాదు. సమీక్షల విషయమూ అంతే. రెండు వాక్యాలు ఉదహరించి లింకు ఇవ్వండి.

ఆరో అడుగు: అమ్మకం

షాపుకిస్తే కమిషన్ పోతుంది, లెక్కలు ఎప్పటికో వస్తాయి. సైటులో నేరుగా అమ్మితే పోయేది తక్కువ కాపీలే అయినా డబ్బు ఆ రోజే వస్తుంది. పెద్ద ఏర్పాట్లేమీ వద్దు. యూపీఐ క్యూఆర్ కోడ్, పేరు, చిరునామా, పిన్‌కోడ్ అడిగే ఒక గూగుల్ ఫారం. తపాలా ఖర్చు విడిగా రాయండి. పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్నులు అదనం. నెమ్మదిగా వెళుతుంది. ఏ పుస్తకాలకు వర్తిస్తుందో మీ పోస్టాఫీసులో అడిగి, మీ పుస్తకాన్ని ముందే తూకం వేయించుకోండి.

అమెరికానుంచి అడిగేవాళ్లకు పోస్టు ఖర్చు పుస్తకం వెలను మించిపోతుంది. అమెజాన్‌వారి ఈ-పుస్తకాల కిండిల్ 2016 డిసెంబరులో భారతీయ భాషల్లోకి వచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తీసుకుంది, మనల్ని వదిలేసింది. అందుకే మూడో అడుగులో తయారైన యూనికోడ్ ప్రతిని ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలుగా చేసి మీరే పంపడం మంచి పద్ధతి. లేదా హైదరాబాద్ వచ్చే బంధువుల చేతికి ఇప్పించండి. డిట్రాయిట్లో ఉన్న నా పాఠకులందరికీ పుస్తకాలు సూట్‌కేసుల్లోనే వెళ్లాయి, ఆవకాయ పక్కన.

ఏడో అడుగు: దొరికేలా చేయడం

పరిచయం పేజీలో మీ పేరు తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు మూడు స్పెల్లింగులతో రాయండి. తెలుగువాళ్లలో చాలామంది వెతికేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. పేజీ చిరునామా మాత్రం చిన్న ఇంగ్లీషు మాటగా పెట్టండి. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికనే చిరునామాగా తీసుకుంటుంది, లోపల ఒక్కో తెలుగు అక్షర సంకేతానికీ తొమ్మిది గుర్తులు పడతాయి. చిరునామా హద్దు 200 గుర్తులు. అంటే ఇరవై రెండు సంకేతాలకే శీర్షిక తెగిపోతుంది. గుడి, కొమ్ము, పొల్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఎవరికైనా పంపితే గజం పొడుగు శాతం గుర్తుల తోరణం.

తర్వాత మీ సైటు సంగతి గూగుల్‌కు తెలిపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేయండి, ఉచితమే. ప్రతి పుస్తకం పేజీని మీకు మీరే వాట్సాప్ చేసుకుని చూడండి. ముఖచిత్రం, పేరు సరిగా కనిపించాయా? వికీపీడియాలో మీ పేజీ మీరే రాసుకోకండి. అక్కడ వేరేవాళ్లు మీ గురించి రాసినవే ఆధారాలు. కానీ పుట్టిన ఏడాది, పుస్తకాల జాబితా లాంటివి దిద్దేవాళ్లకు మీ సైటు అక్కరకొస్తుంది.

ఎనిమిదో అడుగు: మీ తర్వాత

రచయిత పోయిన తర్వాత కూడా కాపీరైట్ 60 ఏళ్లు ఉంటుంది. డొమైన్ మాత్రం కట్టిన గడువు దాకానే. ఆరు నెలలకొకసారి సైటు మొత్తాన్ని ఫైలుగా దించి పెన్‌డ్రైవ్‌లో వేయండి. పుస్తకాల యూనికోడ్ ప్రతులు, ముఖచిత్రాలు, ఒప్పందాల స్కాన్లు అందులోనే. ఒక కాగితం మీద డొమైన్ ఎక్కడ కొన్నారో, గడువు ఎప్పుడో, ఖాతా ఏ ఈమెయిల్‌తో ఉందో, పాస్‌వర్డ్ ఎక్కడ రాసి పెట్టారో రాయండి. అనుమతి అడిగితే ఎవరు జవాబివ్వాలో పేరు రాయండి. ముగ్గురు పిల్లలుంటే ఒక్కరి పేరే రాయండి. ముగ్గురినీ అడగాల్సి వచ్చిన సంకలనాల్లో కథ రాకుండా పోవడం చూశాను.

ఆ కాగితం, పెన్‌డ్రైవ్ పెట్టిన నా కవరు మా అమ్మాయి దగ్గరుంది. ఏటా సంక్రాంతికి వచ్చినప్పుడు పాత పెన్‌డ్రైవ్ తీసుకుని కొత్తది ఇస్తాను. "ఇందులో నా పెళ్లి ఫొటోలు కూడా వేయి నాన్నా" అంటుంది. వేస్తున్నాను.